ఆ మొదటి రింగు ఎటు పోయింది

జూన్ 4, బుధవారం

మా ఆవిడే గెలిచింది. ల్యాండ్‌లైన్ తీయించేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టిస్తున్నాం. తను పనిచేసే కొరియర్ ఆఫీసులో పక్క సీటావిడ పెట్టించుకుందట. మాట పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుందట. మన ఫోన్లో వాన పడితే గరగర, ఎండ కాస్తే గరగర, ఎన్నాళ్ళని భరిస్తామండీ అంది. గరగర నిజమే కాబట్టి సరే అన్నాను.

నేను అడిగింది ఒక్కటే. నంబరు మారకూడదు. మారదండీ, పోర్టింగ్ చేస్తారు, నంబరు అదే ఉంటుంది, లోపల దారి మారుతుందంతే అంది. నంబరు అదే, ఫోనూ అదే, ఇల్లూ అదే. మరి మారేదేమిటో నాకు బోధపడలేదు. బోధపడలేదంటే ఇంకో గంట చెబుతుంది. తలూపి ఊరుకున్నాను.

నంబరు కోసం ఎందుకంత పట్టుబట్టానో తనకి తెలుసు. పైకి అనలేదు. అందుకు మెచ్చుకోవాలి.

జూన్ 5, గురువారం

కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఏ ప్లాన్ సరిపోతుందో చూడాలట. రోజుకి ఎన్ని కాల్స్ వస్తాయి సర్ అంది. ముఖ్యమైనది ఒకటి అన్నాను. అది ఎంతసేపు మాట్లాడతారు అంది. అసలు ఎత్తం అన్నాను. బేసిక్ ప్లాన్ పెడతాను సర్ అని పెట్టేసింది. పిచ్చాడనుకుని ఉంటుంది.

ఆ పిల్లకి చెప్పలేకపోయింది ఇక్కడ రాసుకుంటాను. ఇది మా అమ్మ పెట్టిన పద్ధతి. ఎత్తితేనే బిల్లు కాబట్టి, ఎత్తకుండా కబురు చెప్పుకోవడం నేర్పింది మాకు. ఒక రింగు ఇచ్చి పెట్టేస్తే, క్షేమం. రెండిస్తే, రా. మూడోది కూడా మోగితే, ఎత్తి మాట్లాడు. అమ్మ పోయింది. పద్ధతి పోలేదు. మా ఆవిడ కూడా ఈ ఇంటికొచ్చిన కొత్తలోనే పట్టేసింది. అక్క రోజూ పొద్దున్నే ఒక రింగు ఇస్తుంది. నేనొకటి తిరిగిస్తాను. ఆ తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడతాం.

అక్కకీ నాకూ పోయినేడాది నుంచి మాటల్లేవు. రింగులున్నాయి.

జూన్ 8, ఆదివారం

రేపు ఫోన్ మనిషి వస్తాడని స్టాండు ఖాళీ చేస్తుంటే సొరుగులో ఆ కళ్ళజోడు దొరికింది. అక్క నా మొహాన కొట్టి వెళ్ళిన జత.

నేను కళ్ళద్దాల షాపు వెనక గదిలో లెన్సులు అరగదీస్తాను. అక్క టైలర్ షాపులకి కాజాలు కుట్టి ఇస్తుంది. బావ పోయాక ఆ పనే ఆధారం. చిన్నప్పటి నుంచి అక్కవి సోడాబుడ్డి అద్దాలు. నాకు పని వచ్చాక ఆవిడ అద్దాలు ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎంతో ముచ్చటగా చేసేవాణ్ణి, ఆ మందం కనపడకుండా అంచులు నున్నగా దిద్ది.

ఈ జతకి వంక పెట్టింది. అద్దం మీద నల్లటి నలుసులున్నాయి, కదులుతున్నాయి అంది. అద్దం మీద మచ్చ కదలదక్కా, కంట్లో ఉంటేనే కదులుతుంది, పెద్ద డాక్టరుకి చూపించు అన్నాను. అంతే. పని చేతకాక నా కళ్ళు పోయాయంటావట్రా అని షాపులో కస్టమర్లందరి ముందూ గొంతు చించుకుంది. నా పని గురించి అలా అనేసరికి నాకూ తిక్క రేగింది. చేతకానివాడి దగ్గరికి ఎందుకొచ్చావు, పో అన్నాను. పోయింది. ఎక్కడికి? ఎదురు షాపుకి. నా కళ్ళముందే రోడ్డు దాటి ఎదురు షాపులో ఇంకో జత చేయించుకుంది!

మర్నాడు పొద్దున మాత్రం రింగు వచ్చింది. నేనూ ఇచ్చాను. అదొక్కటీ మానడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

కళ్ళజోడు తుడిచి మళ్ళీ సొరుగులోనే పెట్టాను.

జూన్ 9, సోమవారం

వైర్లాయన వచ్చాడు. నా ఈడువాడే. గోడలోంచి పాత తీగ లాగేశాడు. ఆ కన్నం చూస్తే పన్ను ఊడిన నోరులా ఉంది. ఒక డబ్బా పెట్టి, మా పాత ఫోన్‌నే దానికి తగిలించాడు. డబ్బాకి నాలుగు లైట్లు. మూడు ఆకుపచ్చవి, ఒకటి నారింజది. నారింజది మిణుకుమిణుకుమంటోందేమిటి అంటే అది అంతేనండీ అన్నాడు. తన మొబైల్‌తో మా ఫోన్‌కి చేసి, మోగాక నా చేత ఎత్తించాడు. వినపడుతోందా అండీ అన్నాడు. రెండడుగుల దూరంలో ఉన్న మనిషి, వినపడక చస్తుందా.

కరెంటు పోతే ఫోనూ పోతుందండీ అన్నాడు, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ. ఇది ముందు చెప్పాల్సిన మాట కాదా? మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ లైట్ల వైపు చూసింది.

జూన్ 10, మంగళవారం

పొద్దున రింగు రాలేదు. కొత్త డబ్బా కదా, ఇంకా కుదురుకోలేదేమో.

జూన్ 11, బుధవారం

ఇవాళా రాలేదు. రిసీవర్ ఎత్తి చూశాను. డయల్ టోన్ ఉంది. కస్టమర్ కేర్‌కి చేశాను. డబ్బా ఆపి మళ్ళీ వెయ్యండి సర్ అన్నాడు. ఆపి వేశాను. నారింజ లైటు మరింత హుషారుగా కొట్టుకుంది. మా వైపు నుంచి అంతా యాక్టివ్‌గానే ఉంది సర్ అన్నాడు. మా వైపు నుంచి లేదయ్యా అన్నాను. మీ వైపు కూడా యాక్టివ్‌గానే చూపిస్తోంది సర్ అన్నాడు. నా ఇంట్లో కూర్చున్న నాకంటే వాడికే నా వైపు బాగా తెలుసు. నాకు తల తిరిగిపోయి పెట్టేశాను.

జూన్ 12, గురువారం

మా ఆవిడ ఆఫీసు నుంచి కావాలనే చేసింది. మోగింది. ఎత్తాను. మాట తేటగా వినపడింది, ఆవిడ వెనకాల ఎవరో నవ్వడం కూడా. చూశారా, ఫోన్ శుభ్రంగా ఉంది అంది.

ఫోన్ శుభ్రంగా ఉందంటే అక్క మానేసిందని అర్థం.

ఇంత రాశాక ముందుకి సాగడం లేదు. మాటలు మానేస్తే సరే. రింగు కూడా మానేస్తుందా? అంత తప్పు నేనేం చేశాను? మీరే ఒకటి ఇవ్వచ్చుగా అంది మా ఆవిడ. పెద్దది తను, ముందు తనివ్వాలి, నేను తిరిగివ్వాలి అన్నాను. అమ్మ అలా పెట్టిందా అని అడిగింది. అమ్మ పెట్టలేదు. మేమే అలా అలవాటు పడ్డాం.

జూన్ 14, శనివారం

షాపు నుంచి వస్తూ, ఏదో దారి తప్పినవాడిలా, అక్క వీధిలోంచి వచ్చాను. ఇంకా వెలుతురు ఉండగానే అక్క ఇంట్లో లైటు వెలుగుతోంది. రేడియో గట్టిగా మోగుతోంది. అంటే మనిషి నిక్షేపంగా ఉంది. కావాలనే మానేసింది. తలుపు కొడదామా అనుకున్నాను. కొట్టి ఏమనాలి? రింగు ఇవ్వడం లేదేం అని అడగనా? అడిగితే నేను ఎదురు చూస్తున్నానని తెలిసిపోదూ.

ఇంటికొచ్చి మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

జూన్ 16, సోమవారం

వచ్చింది! సాయంత్రం వచ్చింది, పొద్దున కాదు, అయినా వచ్చింది. ఒక రింగు. నేను చెంగున లేచి ఒకటి తిరిగిచ్చాను. అక్క మనసు కరిగింది.

జూన్ 17, మంగళవారం

పొద్దున ఒకటి. నేనొకటి. సాయంత్రం మళ్ళీ ఒకటి. మళ్ళీ నేనొకటి. ఇన్నాళ్ళ బాకీ తీరుస్తున్నట్టుంది. షాపులో రోజంతా ఈల వేస్తూనే ఉన్నానట. ఓనరు వచ్చి, ఏంటయ్యా, పెళ్ళిచూపులకేమైనా వెళ్తున్నావా అన్నాడు.

జూన్ 18, బుధవారం

మూడుసార్లు. మూడుసార్లూ ఒక్కో రింగు. నేను వరసగా మూడూ తిరిగిచ్చాను.

ఇదేం లెక్కండీ, రోజుకి ఇన్నిసార్లు క్షేమం చెప్పేవాళ్ళెవరైనా ఉంటారా, ఒకసారి వెళ్ళి చూసిరండి అంది మా ఆవిడ. క్షేమం అని చెబుతుంటే వెళ్ళి చూడటమేమిటి? పైగా వెళ్తే మాట్లాడాలి. ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నది, నోరు తెరిచి పాడు చేసుకోవడం దేనికి. ఎక్కడో తేడాగా అనిపించింది నాకూ. ఏమిటో తెలియలేదు.

జూన్ 19, గురువారం

కరెంటు లేదు. ఫోనూ లేదు. మోగాల్సింది మోగలేదో, మోగేది రాలేదో ఎవరికి తెలుసు.

జూన్ 20, శుక్రవారం, సాయంత్రం

కుండపోత. మా ఆవిడ తడిసి ముద్దయి, రెండు చేతుల్లో సంచులతో వచ్చింది. సంచులు నేలకేసి కొట్టింది. బస్టాపులో పబ్లిక్ ఫోన్‌లా నిలబడి మీకోసం చూశాను, కదిలారా ఇంట్లోంచి అంది. నువ్వే క్షేమం అని ఇచ్చావుగా, బస్సెక్కావనుకుని టీకి నీళ్ళు పెట్టాను అన్నాను. క్షేమమా? రెండు రింగులిచ్చానండీ నేను! స్కూటర్ తీసుకుని రమ్మని! అంది. ఒకటే మోగింది అన్నాను. రెండిచ్చాను అంది. ఒకటి. రెండు. ఒకటి. నాకేం చెవుడా? నాకేం లెక్క రాదా? పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంత చిన్న అంకె మీద ఇంత పెద్ద గొడవ పడలేదు.

సరే, ఇప్పుడే తేల్చేద్దాం అన్నాను. ఆవిడ తల తుడుచుకుంటూ ఫోన్ పక్కన కూర్చుంది. నేను వంటింట్లో నిలబడి నా మొబైల్‌తో మా నంబరుకి చేశాను. చెవిలో ఒక రింగు వినపడింది. హాల్లో చప్పుడు లేదు. చెవిలో రెండోది. అప్పుడు మోగింది హాల్లో. పెట్టేశాను. ఎన్ని అన్నాను. ఒకటి అంది. మళ్ళీ చేశాను, ఈసారి ఒక్క రింగుకే పెట్టేశాను. చేశారా అని అడిగింది. మోగనే లేదట. మళ్ళీ చేస్తే ఈసారి రెండూ మోగాయి. మళ్ళీ చేస్తే ఒకటే. ఒక్కోసారి మొదటిది మింగేస్తోంది, ఒక్కోసారి మింగడం లేదు. పద్ధతీ పాడూ లేదు దానికి.

చూశారా, నేను రెండే ఇచ్చాను అంటూ లేచిన మనిషి అలాగే ఆగిపోయింది. తువ్వాలు చేతిలోనే ఉంది. నా మొహం చూస్తోంది.

ఏమండీ, వదిన... అంది.

ఆ ఒక్కోటీ ఒకటి కాదు, రెండు. సోమవారం నుంచి అక్క రా, రా అంటోంది. నేను క్షేమం, క్షేమం అంటున్నాను. ఈల వేసుకుంటూ.

వాన తగ్గలేదు. వెళ్తున్నాను.

అదే రోజు, వచ్చాక

తలుపు తట్టాను. తీసింది. ఎదురుగా నిలబడ్డాను. ఎవరూ అంది.

నా మొహం చూస్తూ ఎవరూ అంది.

నేనేనక్కా అన్నాను. ఏడాది తర్వాత మొదటి మాట. ఓహో, నేను రా అంటే బాగున్నానని చెప్పేవాడివేగా నువ్వు, బాగున్నావుగా, వెళ్ళు అంది. అని లోపలికి నడిచింది, గోడ తడుముకుంటూ. తలుపు మాత్రం వెయ్యలేదు.

పగలూ రాత్రీ లైటు వేసే ఉంచుతోంది. మంచం మీద చొక్కాల కుప్ప. ఒకటి తీసి చూశాను. కాజాలు వంకరటింకరగా ఉన్నాయి. ఒకటి పట్టీ దాటిపోయి గుడ్డ మధ్యలో ఉంది. అక్క కుట్టిన కాజా దారం పోగంత కూడా పక్కకి జరగడం నేనెన్నడూ చూడలేదు.

ఎడమ కంటికి పక్కనుంచి నల్ల తెర దిగినట్టు ఉందట సోమవారం నుంచి. కుడి కంట్లో ఎప్పటినుంచో పొర, దాంతో మనిషి ఆకారం తప్ప ఏమీ తెలియదట. ఇదంతా నాకు చెప్పలేదు. నా వెనకే ఆటోలో వచ్చిన మా ఆవిడకి చెప్పింది. పక్కింటివాళ్ళని అడగచ్చుగా వదినా అంది మా ఆవిడ. పెద్ద డాక్టరుకి చూపించమన్నది వాడమ్మా, వాడే తీసుకెళ్ళాలని పిలిచాను అందట.

ఆ మాట మా ఆవిడ నాతో చెప్పినప్పుడు వీధిలో నిలబడి ఏడ్చాను. వానలో ఎవరికీ తెలియలేదు.

జూన్ 21, శనివారం

పెద్ద డాక్టరమ్మ చాలాసేపు చూసింది. గోడకి సున్నం పెచ్చు లేచినట్టు ఎడమ కంటి వెనక పొర లేచిపోయిందట. ఆ నలుసులు ముందే వచ్చిన గుర్తులట. మొదటిరోజే తీసుకొస్తే నడిమి భాగం ఊడకుండా పట్టుకునేవాళ్ళమంది. ఇప్పుడు ఆపరేషన్ చేసి అతికిస్తాం, చూపు ఎంత వస్తుందో చెప్పలేం అంది. తెర ఎప్పుడు దిగిందమ్మా అని అక్కని అడిగింది. మా తమ్ముడు కులాసాగా ఉన్నానని కబురు పెట్టడం మొదలెట్టిన రోజు అంది అక్క.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను? డబ్బా దగ్గర్నుంచా, అమ్మ దగ్గర్నుంచా?

జూన్ 23, సోమవారం

ఆపరేషన్ అయింది. అతికిందట. చూపు సంగతి తర్వాతట.

జూన్ 25, బుధవారం

అక్కని మా ఇంటికే తెచ్చాం. నేను రమ్మంటే రాలేదు. మా ఆవిడ రమ్మంటే వచ్చింది.

కంట్లో గాలి బుడగ పెట్టారు. అది పైకి తేలి పొరని నొక్కిపట్టాలంటే మొహం ఎప్పుడూ నేలవైపే ఉండాలట. కూర్చున్నా, తింటున్నా, పడుకున్నా. పక్క గదిలో పరుపు మీద బోర్లా పడుకుని ఉంది, నుదుటి కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని. ఎప్పుడూ తల ఎత్తుకుని తిరిగిన మనిషి. ఆ మాట అంటే నవ్వుతుందేమోనని గుమ్మం దాకా వెళ్ళి, అనలేక తిరిగొచ్చాను. నాతో మాట్లాడటం లేదు. మా ఆవిడతో మాత్రం మాట్లాడుతోంది, ఇద్దరూ కలిసి నన్ను బాగానే ఆడిపోసుకుంటున్నారు. గోడ అవతలి నుంచి వినపడుతోంది.

జూన్ 26, గురువారం

కస్టమర్ కేర్‌కి చేశాను. కోపంగా మొదలుపెట్టాను. ఆ మొదటి రింగు ఎటు పోతోంది, అది చెప్పు నాకు అన్నాను. చేసినవాళ్ళకి వినపడే రింగు మీ ఇంట్లో మోగే రింగు కాదు సర్, అది వేరే, ఇది వేరే అన్నాడు. అంటే పాత ఫోన్లో కూడానా? దానిలోనూ వేరేనే సర్, కాకపోతే దాదాపు కలిసి మోగేవి అన్నాడు. ఇన్నేళ్ళూ అక్క చెవిలో మోగిందే నా ఇంట్లో మోగిందనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుని పోయింది.

పాత లైను తిరిగి కావాలన్నాను. నెట్‌వర్క్ తీసేశారు సర్, మీ ఏరియాలో ఇంక రాదు అన్నాడు. వాడి తప్పేముంది. థాంక్స్ చెప్పి పెట్టేశాను. రేటింగ్ ఇవ్వమంటే అయిదు నొక్కాను. ఎందుకు నొక్కానో నాకే తెలియదు.

జూన్ 27, శుక్రవారం

మేమిద్దరం పనికి వెళ్తే పగలంతా అక్క ఒక్కతే ఉండాలి. అందుకని నేను సెలవు పెట్టాను. మా ఆవిడ తన పాత బటన్ల మొబైల్ అక్క చేతికిచ్చింది. మన ఇంటి నంబరే పెట్టాను వదినా, ఈ ఒక్క బటన్ గట్టిగా నొక్కితే చాలు, పిలవాలంటే నోరు నొప్పెట్టేలా అరవక్కర్లేదు అంది. నాతో మాట్లాడకుండా నన్ను పిలవడానికి ఏర్పాటు అన్నమాట. ఇద్దరూ కలిసే ఆలోచించినట్టున్నారు.

రోజంతా హాల్లో ఫోన్ పక్కనే కూర్చున్నాను. మోగలేదు. లేదా అక్క చెవిలో మాత్రం మోగింది.

జూన్ 28, శనివారం, పొద్దున

ఒక రింగు. ఇచ్చింది ఒకటో, రెండో. లేచి వెళ్ళాను.

ఒకటే ఇచ్చాను, ఎందుకొచ్చావురా అంది అక్క, నేల వైపు చూస్తూ.